తుమ్మదుంగ

శీతకాలమనగానే ఉత్తరదేశమువారికి మంచును, కంబళ్లును స్ఫురించును. నెల్లూరి సముద్రతీరవాసులకు స్ఫురించునది బురద. తక్కిన తెలుగుసీమలలో కుప్పలు నూర్చు దినములలో మాకు ఈశాన్యపు వానలు కురియును. ఆ వాయుగుండములే మా చెరువులను నింపును, కట్టలను తెంచును. మా పెద్దపంటకు దమ్ము సాగునదియు ఆ నెలలలోనే. యంత్రమునకు మిక్కిలి పని యుండు కాలమును, అది మిక్కిలి అపాయకరమగు కాలమును మాకు ఒక్కటియే.

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్లకడ తీరము దాటెను. దాటకముందే మా జిల్లాను జలమయము చేసెను. ఇందుకూరుపేట మండలమున మా పినతండ్రిగారికి కొంత మాగాణి కలదు. పైన ఇసుకపాలు మన్ను, క్రింద జిగటబంక. నీరు తీసిన రెండు వారములకు గట్టిపడినట్లే కనబడును గాని కాలు మోపినచో మోకాలివరకు దిగును. ఆ మడిలోనికి ఇరువది గుర్రముల శక్తిగల మినీ ట్రాక్టరును దింపిరి. నడుపువాడు పందొమ్మిదేండ్ల దినకూలి. మడి నడుమ వెనుకచక్రములు ఇరుసుదాక కూరుకొనిపోయెను.

గట్టుపైనున్న పెద్దలలో నొకరు, "తుమ్మదుంగని గొలుసుతో చక్రాలకి కట్టి ముందుకి తోలు, అదే లేస్తది" అనిరి. ఈ యుపాయము మాకు క్రొత్తది కాదు. పలుమారులు ఫలించినది కూడను. అందుచేతనే దానిని ఎవరును శంకింపరు.

జరుగునదేమో చదువరులకు విన్నవించెదను. ఇంజను తన బలమంతయు ఇరుసున కిచ్చును. చక్రము తిరుగుచున్నంతవరకు బండి ముందునకు సాగును. దుంగ బురదలో తన్నుకొని చక్రము బిగిసినప్పుడు ఆ బలమునకు వేరు త్రోవ లేదు. చక్రము తిరుగక బండియే ఇరుసు చుట్టు తిరుగును. ముందుచక్రములు గాలిలోనికి లేచును. ఇంచుమించు ఒక్క సెకనులో బండి మరలరాని మేర దాటును. అంతలో కాలు క్లచ్చిమీదికి పోవుట ఎంతటి నేర్పరికిని కష్టము. 1917లో అమెరికాలో వెలువడిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు ఇట్లే వెనుకకు తిరుగబడు గుణముచే అపకీర్తి గాంచెను. తరువాత హారీ ఫెర్గూసన్ పనిముట్టును మూడు కడ్డీలతో బండికి బిగించు పద్ధతిని కల్పించి ఆ యపాయమును చాలవరకు తగ్గించెను. ఆ కడ్డీలు నేటి మన ట్రాక్టరుల వెనుకను గలవు. దుంగ గట్టిన చక్రము ముందర అవి యేమియు చేయజాలవు.

ఎద్దు బురదలో కూలబడును గాని తోలువానిపై వెల్లకిల పడదు. మా ప్రాంతపు పశుజాతి బ్రెజిలు దేశమున 'నెలోరే' అను పేర వర్ధిల్లుచున్నది. మా మళ్లలో కాడియెద్దు అరుదైనది. దీనికై నేను విలపించువాడను కాను. ఎద్దుతో పది దినముల పని యంత్రముతో ఒక దినములో తీరుచున్నది. యంత్రమును తెచ్చుకొన్నవారు దాని శాస్త్రమును ఏల తెచ్చుకొనలేదన్నదే నా ప్రశ్న.

బండి తిరుగబడెను. పిల్లవాడు దాని క్రింద చిక్కెను. బురద మెత్తన గావున రొమ్ము నలుగలేదు. అదే మెత్తదనముచే అతని ముఖము నీటిలోనికి దిగజొచ్చెను. గట్టుమీది పురుషులు, "ఇంజను ఆపండి", "ఇంకో బండి తెండి" అని కేకలు వేయుచుండిరి. ప్రక్కమడిలో నాట్లు వేయుచున్న ఏడుగురు స్త్రీలు నారుకట్టలు పారవైచి పరుగెత్తిరి. వారిలో ముదుసలి యొకతె అతని తలను తన ఒడిలోని కెత్తుకొని, "ఒరే అబ్బయా, నోరు మూసుకో, తల నేను పట్టుకున్నా" అనుచుండగా, తక్కినవారు వట్టి చేతులతో బురద త్రవ్విరి. రెండవ బండి వచ్చులోపలనే అతనిని వెలికిదీసిరి. తొడయెముక విరిగినది, ప్రాణము దక్కినది.

ఆ సాయంకాలము మేస్త్రి ఆ ఏడుగురికిని పావుకూలి కోసెను. నాటు నిలిచినది గదా!

అరుగుమీద జరిగిన చర్చలో మొదట బండి మరమ్మతు ఖర్చును, పిదప పిల్లవాని విధియు వచ్చెను. 1923 నాటి పనివారల నష్టపరిహార చట్టము ట్రాక్టరుతో సేద్యము చేయు కూలివానిని సయితము పేర్కొన్నదనియు, ఆ నాటికి అది అమలులో నున్నదనియు నేను చెప్పితిని. మా పినతండ్రిగారు "అది ఫ్యాక్టరీలకు గదా" అనిరి. ఆయన దుష్టుడు కాడు. ఆసుపత్రి ఖర్చు అప్పటికే ఇచ్చియుండెను. ఇచ్చునది దయ యనియే తలచెను గాని బాకీ యని తలపలేదు. పిల్లవాని తల్లికి చట్టము సంగతి చెప్పగా, "మళ్లీ ఈ ఊళ్లోనే పని చేసుకోవాల గదయ్యా" అని ఊరకుండెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

స్వీడను దేశమువారు 1959 మొదలు క్రొత్త ట్రాక్టరుల కన్నిటికి నడుపువానిపై గట్టి ఇనుపచట్రము ఉండవలెనని శాసించిరి. తిరుగబడి చచ్చువారి సంఖ్య అచ్చట మిక్కిలి తగ్గెను. మన బండ్లపై కొందరు వేయించుకొను కప్పు ఎండకే గాని బరువున కాగదు. చట్రమున్నను నడుముపట్టీ కట్టుకొననిచో ఫలము సగమే. దిగబడిన బండిని తీయుటకు దుంగ యక్కరలేదు. రోటావేటరును విప్పి, చక్రముల వెనుక మన్ను వాలుగా త్రవ్వి, మెల్లగా వెనుకకు నడుపవలెను. అది సాగనిచో గట్టినేలపైనున్న మరియొక బండితో, ఇరుసుకన్న క్రిందుగా పొడుగాటి త్రాడు కట్టి లాగింపవలెను. ఒక పూట ఆలస్యమగును, అంతియే.

ఇదంతయు విన్నది మా పిన్ని. ఇంటి లెక్కలపుస్తకము ఆమెచేతిలో నున్నది. పిల్లవాడు లేచి నడచువరకు అతని కూలి నెలనెల పద్దు వ్రాసి ఇప్పించెను. చట్రమునకై నెల్లూరికి మనిషిని పంపెను. ఏడుగురు స్త్రీలను పిలిచి కోసిన పావుకూలి తానే లెక్కపెట్టి యిచ్చెను. ముదుసలి డబ్బు కొంగున ముడివేసికొని, "ఆ దుంగ కూడా ఇప్పించమ్మా, పొయ్యిలోకైనా పనికొస్తది" అనెను. మరునాడు గొడ్డలి తెచ్చుకొని దానిని కాలువగట్టుననే చీల్చి మోపు కట్టుకొనిపోయెను.