జంట ఖాతా

ఇంగ్లండునందు చిరకాలముగా కాపురమున్న మావంటి తెలుగువారికి, జబ్బు చేసినచో ఆసుపత్రిలో చిల్లిగవ్వ చెల్లింప నక్కఱలేదన్న ధీమాను 1948లో వెలసిన నేషనల్ హెల్త్ సర్వీసు కలిగించినది. కాని వార్ధక్యమున స్నానము చేయించి, బట్టలు తొడిగి, వేళకు మాత్రలు మ్రింగించు మనిషికిచ్చు జీతము సాధారణముగా ఆ పద్దులో చేరదనియు, అది స్థానిక కౌన్సిలు ఎదుట మన లెక్కలన్నియు విప్పిన పిమ్మటనే తేలు వ్యవహారమనియు, ఇంట మతిమఱుపు వ్యాధి ప్రవేశించుదాక అనేకులు తలంపరు.

2014 నాటి కేర్ యాక్టు ప్రకారము ముందు అవసరమును విచారింతురు, పిదప ధనమును. ధనికుడైనను మొదటి విచారణను ఉచితముగనే కోరవచ్చును. మా యింటికి వచ్చిన సోషల్ వర్కరు "మేజోళ్ళు మీరే తొడుగుకొందురా? టీ మీరే కాచుకొందురా?" అని యడుగగా, పరాయివారి ముందు గుట్టు విప్పుట మర్యాద కాదని యెంచిన, మతిమఱుపు సోకిన నా భార్య "అన్నియు నేనే చేసికొందును" అని నవ్వుచు బదులు చెప్పెను. ముందునాటి రాత్రి పొయ్యిమీద వట్టిగిన్నె మాడిన సంగతి నేను చెప్పక తప్పలేదు. పరువు నిలుపబోయి వాస్తవమును దాచినచో, రావలసిన సహాయపు గంటలే తఱుగును.

ఇక ధనవిచారణ. 23,250 పౌండ్లకు మించిన సొత్తుగలవారు ఖర్చంతయు తామే భరింపవలెను. 14,250 వఱకు లెక్కింపరు. నడుమనున్న ప్రతి 250 పౌండ్లకును వారమున కొక పౌండు రాబడి యున్నట్లు భావింతురు. సాలుకు నూటికి ఇరువది దాటు ఈ వడ్డీ నిచ్చు బ్యాంకెచ్చట నున్నదో చెప్పినచో నేడే పోయి ఖాతా తెఱతును! ఈ హద్దులు 2010 నుండి కదలలేదు. జీవితకాలపు ఖర్చునకు 86,000 పౌండ్ల పరిమితి విధింతుమన్న వాగ్దానమును సైతము ప్రభుత్వము 2024లో విడిచిపెట్టినది.

ఈ ధనవిచారణ, సేవ పొందువారి సొత్తునకే గాని దంపతులిరువురి సొత్తునకు గాదు. జంట ఖాతాలో సగము నా భార్యదని యెంతురు. మా ఖాతాలోని 60,000లో ఆమె పాలు 30,000. ఖాతాను జంటగనే యుంచి అందుండి చెల్లించినచో, ప్రతి నూఱు పౌండ్లలో ఏబది నా పాలినుండి పోవును గనుక, ఆమె పాలు 23,250 హద్దునకు దిగులోపల 13,500 కరగవలెను. చెరిసగము చేసికొని ఆమె పాలినుండియే చెల్లించినచో 6,750తో సరిపోవును. ఆమె విషయము గ్రహింపగల స్థితిలో నున్నపుడే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (ఆమె తరఫున వ్యవహరించు అధికారపత్రము) వ్రాయించి, ఖాతాను విడదీసితిమి.

"ఇల్లు అమ్మాయి పేర వ్రాసేయండి బావగారూ" అని విశాఖనుండి మా బావమఱది ఫోనులో బోధించెను. కాని ఖర్చు తప్పించుకొనుటకే వ్రాసితిరని కౌన్సిలు తలంచినచో ఆ యింటిని మనదిగనే లెక్కించును. పైగా సేవ ఇంటనే పొందునంతకాలము ఇల్లు లెక్కలోనికి రాదు, ఆమె కేర్ హోమునకు పోయినను నేనందు నివసించునంతకాలము రాదు. ఇల్లు వ్రాయుటకు బదులుగా నేను అటెండెన్స్ అలవెన్సునకు దరఖాస్తు పెట్టితిని. పింఛను వయసు దాటినవారికి లభించు ఆ భత్యము మన బ్యాంకు నిల్వ యెంతయని యడుగదు.