లాంతరుకూ ఊపిరి కావాలి

పిల్లలూ! చీకటి పడితే ఒక్క మీటతో మీ వీధి వీధంతా వెలిగిపోతుంది గదా? కరెంటు రాకముందు మన పట్నాలలో ఆ పనికి ఒక మనిషి ఉండేవాడు. సాయంకాలం కాగానే నిచ్చెన భుజాన వేసుకుని, కిరసనాయిలు డబ్బా చేత పట్టుకుని వచ్చేవాడు. స్తంభం మీది లాంతరు తలుపు తీసి, గాజు తుడిచి, నూనె పోసి, వత్తి వెలిగించి మరో స్తంభానికి పోయేవాడు. వెన్నెల రాత్రులలో చాలా ఊళ్ళలో ఆ దీపాలు వెలిగించేవారే కారు. చంద్రుడుండగా నూనె దండగ గదా!

ఈశ్వరచంద్ర విద్యాసాగరులు చిన్నతనాన కలకత్తాలో వీధిదీపం కింద చదువుకున్నారని మీరు వినే ఉంటారు. ఆయన పుట్టింది 1820లో. కలకత్తా వీధులకు గ్యాసు దీపాలు వచ్చింది 1857లో. అంటే ఆయన చదువుకునే నాటికి అక్కడ ఉన్నవి నూనె దీపాలే అన్నమాట. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగాయి. క్రమంగా మిగతా ఊళ్ళకూ కరెంటు వచ్చింది. పాత లాంతర్లు పాత ఇనుము కొట్లకు చేరాయి.

అలాంటి లాంతర్లు ఏరి తెచ్చి బాగుచేయడం నాకు సరదా. మొదటిదానితో నేను చేసిన నిర్వాకం చెబుతాను, వినండి.

దానికి నాలుగు పక్కలా గాజు పలకలు, పైన గొడుగులాంటి టోపీ. అడుగు రేకు నిండా సన్నని చిల్లులు. తుప్పు తిన్నదనుకుని వాటిని లప్పంతో మూసేశాను. తలుపు శుభ్రంగా గీకి, రంగు వేశాను. కొత్త గాజులు బిగించి, లోపల దీపం వెలిగించి, తలుపు మూశాను. కాసేపటికి మంట ఎర్రబడింది. గాజంతా మసి కమ్మింది. దీపం కొండెక్కింది!

మా వీధికి మాట్లు వేసే తాత వస్తే చూపించాను. ఆయన పకపక నవ్వి, "ముక్కు మూసేసి ఊపిరి పీల్చమంటే ఎట్లా బాబూ?" అన్నాడు.

మంట మండాలంటే గాలి కావాలి. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. అది టోపీ కింది సందులగుండా బయటపడుతుంటే, అడుగు చిల్లులలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. చిల్లులు సన్నవి గనుక ఈదురుగాలి వచ్చినా దీపం ఆరదు. టోపీ వాన పడనీయదు, పొగను మాత్రం పోనిస్తుంది.

లప్పం తీసేశాను. దీపం నిశ్చలంగా వెలిగింది. కాని తాత తలుపు మీద వేలుపెట్టి, "ఇక్కడ స్తంభం నంబరు ఉండాలే?" అన్నాడు. వెతికితే ఒక మూల 4 అంకె సగం కనిపించింది. తక్కినది నేనే గీకి పారేశాను. మూసిన చిల్లులు తెరుచుకున్నాయి గాని, ఆ నంబరు మళ్ళీ రాలేదు. అది ఏ వీధి దీపమో తెలిసే దారి నా చేతులతోనే పోగొట్టాను.

మీకూ ఎప్పుడైనా పాత వస్తువు దొరకవచ్చు. పాత రంగులలో సీసం ఉంటుంది, ఆ పొడి ఒంటికి మంచిది కాదు. కనుక గీకే పని మీరు చేయకండి. ముందు దానిని నాలుగువైపులా చూసి, ప్రతి చిల్లూ, ప్రతి గుర్తూ కాగితం మీద బొమ్మ వేసుకోండి. అవి ఎందుకున్నాయో పెద్దలనడగండి. తెలిసిన తరువాతే చెయ్యి వేయండి.