చీరకి జాకెట్టు, ప్రాసెసర్‌కి మెమరీ

రాజమండ్రి తాడితోటలో చీర కొన్న ఇల్లాలు అక్కడితో ఊరుకుంటుందా? జాకెట్టు ముక్క కోసం ఆ కొంగు పట్టుకుని మాచింగ్ సెంటర్లో అరగంట నిలబడుతుంది. వెలుతుర్లోకి తీసుకెళ్ళి మరీ రంగు చూసుకుంటుంది. "దగ్గరగానే ఉందిలెండి" అంటే ఒప్పుకోదు. అదే కంప్యూటర్ కొనాల్సి వచ్చేసరికి "మనకేం తెలుస్తుందిలే" అని పర్సు మగవాళ్ళ చేతిలో పెట్టి, దుకాణంలో ఓ మూల కుర్చీలో కూర్చుంటాం! నన్నడిగితే ప్రాసెసర్‌కి మెమరీ కుదర్చడం చీరకి జాకెట్టు కుదర్చడం కంటే తేలిక. రంగుల్లో ఉన్నట్టు ఇందులో "కాస్త అటూ ఇటూ" ఉండదు. రకం కలిస్తే పడుతుంది, కలవకపోతే పడదు.

మా అమ్మాయి కోరుకొండలో ఇంట్లోనే ఉండి పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. ముహూర్తాల రోజుల్లో దానికి అన్నం తినే తీరిక కూడా ఉండదు. 2018లో కొన్న కంప్యూటర్ మొరాయించడం మొదలెట్టింది. పని ఆలస్యమైతే స్టూడియో వాళ్ళు వేరొకరిని చూసుకుంటారు కదా! 2025 దీపావళి వెళ్ళాక చీటీ పాడిన డబ్బు 40 వేలు చేతికొచ్చింది. పాత పెట్టె అలాగే ఉంచి ప్రాసెసర్, మదర్‌బోర్డు మాత్రం మార్చుకుందామనుకున్నాం.

సరిగ్గా అప్పుడే మెమరీ ధరలు ఎగబాకాయి. ఏఐ సర్వర్ల కోసం పెద్ద పెద్ద కంపెనీలు మెమరీ చిప్పులు విపరీతంగా కొనడంతో మనలాంటి వాళ్ళకి కొరత వచ్చింది. "పాత మెమరీ ముక్కలు రెండున్నాయిగా వదినా, అవే పెట్టేద్దాం" అన్నాడు మా మరిది. రాజమండ్రి వెళ్ళి ఓ దుకాణంలో అడిగితే కౌంటర్ దగ్గర అబ్బాయి కొత్త రైజెన్ ప్రాసెసర్ చూపించి, "ఆయ్, ఏ మెమరీ అయినా పడుద్దండి!" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కుక్కర్ రబ్బరు గుర్తొచ్చింది. ఏ కుక్కర్‌కైనా పడుతుందని తెచ్చిన రబ్బరు ఏ ఇంట్లో పడిందో చెప్పండి! "అయితే పడకపోతే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాసివ్వు బాబూ" అన్నాను. "అది కుదర్దండి" అన్నాడు. అయితే మాకూ కుదర్దని చెప్పి బస్సెక్కేశాం.

ఇంటికొచ్చి అమ్మాయీ నేనూ పాత మెమరీ ముక్కల మీది చీటీ చదివాం. డిడిఆర్4, 8 జీబీ, వేగం 2666. ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి. ఆ తర్వాత ప్రాసెసర్ల సంగతి వెతికాం.

డిడిఆర్4, డిడిఆర్5 రెండూ పొడుగులో ఒకలాగే కనబడతాయి. రెండింటికీ 288 కాళ్ళే. కానీ కింద గాటు వేరే వేరే చోట ఉంటుంది. ఒకటి రెండోదాని గాడిలో దిగనే దిగదు. బలవంతం చేస్తే విరుగుతుంది. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరస నుంచి, ఏఎమ్5 బోర్డులకి డిడిఆర్5 తప్ప ఇంకోటి పనికిరాదు. అంతకుముందున్న ఏఎమ్4 బోర్డులకి డిడిఆర్4 ఒక్కటే. ఇంటెల్ 12, 13, 14 తరాల వాటికి రెండూ పనికొస్తాయి గానీ ఒక్కో బోర్డు మీద సాధారణంగా ఒక్క రకానికే చోటు. అంటే ప్రాసెసర్ పేరు అడిగితే సరిపోదు, బోర్డు పేరు కూడా అడగాలి.

ఇక లెక్క వేశాం. ఆ కొత్త రైజెన్ కొంటే పాత ముక్కలు రెండూ అలమారలోకే, కొత్త డిడిఆర్5 తప్పదు. ఇంటెల్ 12వ తరం ఐ5 తీసుకుని డిడిఆర్4 బోర్డు చూసుకుంటే 16 జీబీ మెమరీ మన ఇంట్లోనే ఉంది. కొత్త దాని వేగం ఎక్కువే, కాదనను. కానీ అప్పటి ధరల్లో ఆ తేడాకి అంత డబ్బు పెట్టడం అమ్మాయికీ నచ్చలేదు. ముందుముందు ఇంకా కొత్త ప్రాసెసర్ మార్చాలంటే ఈ బోర్డు పనికిరాకపోవచ్చు. ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాం.

మీరు కొనేటప్పుడు ఇంకొన్ని చూసుకోండి. ఒక 16 జీబీ ముక్క కంటే రెండు 8 జీబీ ముక్కలు జంటగా పెడితే పని చురుగ్గా సాగుతుంది. నాలుగు గళ్ళున్న బోర్డులో, ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది మామూలుగా ముందు నింపాలి. వేగం తక్కువదీ ఎక్కువదీ కలిపితే అన్నీ తక్కువ వేగంతోనే నడుస్తాయి, ఒక్కోసారి అసలు కలిసి పనిచేయవు కూడా. లాప్‌టాప్ మెమరీ పొట్టిది, డెస్క్‌టాప్‌లో పట్టదు. చవగ్గా వచ్చే పాత సర్వర్ మెమరీ మామూలు బోర్డులో పనిచేయదు. బోర్డు కంపెనీ వాళ్ళు ఏ మెమరీలు పరీక్షించారో వాళ్ళ సైట్లో పట్టికే ఇస్తారు, అందులో ఉన్నది కొంటే దిగుల్లేదు. కొత్త డిడిఆర్5 పెట్టినవాళ్ళు మొదటిసారి స్విచ్ వేయగానే తెర నల్లగా ఉందని కంగారు పడకండి. మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు.

బిగించింది మా అమ్మాయే. ఇనప పెట్టెని ఓసారి చేత్తో ముట్టుకుని, ముక్కని గాటు చూసుకుని నిలువుగా నొక్కితే టక్కుమని కూర్చుంది. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపింది. ఒక్క తప్పూ చూపించలేదు. ఆ తర్వాత వచ్చిన పెళ్ళిళ్ళన్నీ దాని మీదే అయ్యాయి.

మిగిలిన డబ్బుతో యూపీఎస్ కొన్నాం, కరెంటు పోతే చేసిన పని పోకుండా. బోర్డు పేరు, మెమరీ రకం, వేగం అన్నీ నా ఆవకాయ కొలతల పుస్తకంలో చివరి పేజీలో రాసి పెట్టాను. ఈసారి దుకాణానికి వెళ్ళేటప్పుడు సంచీలో ఆ పుస్తకం కూడా ఉంటుంది!