పొరుగింటి పరవాసులు

దూరదేశముల యుద్ధపీడితుల కొరకు మన పట్టణ కూడళ్లలో కొవ్వొత్తులు వెలిగించు యువజనులను నేను పరిహసింపను, అది సత్కార్యమే. అయితే 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని నాటి అవిభక్త దంతెవాడ జిల్లాలో మావోయిస్టులపై పోరుకు ప్రభుత్వము అండనిచ్చిన సల్వా జుడుం పేరిట చెలరేగిన హింసకు తాళలేక, అటు జుడుం మూకలకును ఇటు మావోయిస్టులకును నడుమ నలిగి, పిల్లలను చంకనెత్తుకొని, అడవిదారుల వెంట నాటి ఖమ్మం జిల్లాకు చేరిన వేలాది ఆదివాసుల గోడును లోకము చెవిని వేసినవారెవరు? దంతెవాడ చెంత వనవాసీ చేతనా ఆశ్రమమును నడిపిన హిమాంశు కుమార్, మన మానవహక్కుల నేత కె. బాలగోపాల్ వంటి కొలదిమందియే. ఆ ఆశ్రమమును 2009 మే నెలలో నేలమట్టము చేసిరి.

ఈ జుడుంపై 2007లో నందినీ సుందర్, రామచంద్ర గుహలతో కలిసి సుప్రీంకోర్టు కెక్కిన మూడవవారు మన విశాఖవాసి ఇ.ఏ.ఎస్. శర్మ. ఆదివాసి యువకుల చేతికి తుపాకులిచ్చి పోరుకు పంపుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న తీర్పు చెప్పిన ఇరువురు న్యాయమూర్తులలో నొకరు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. తెలుగువారము గొప్పలు చెప్పుకొనుటకు ఇంతకన్న మేలైన సందర్భము లెన్ని కలవు?

తీర్పు వచ్చెను గాని, గొత్తికోయలని పిలువబడు ఆ వలసజనులలో పెక్కు కుటుంబములకు నేటికిని కులధ్రువపత్రము లేదు, పోడుపట్టా లేదు. అటవీభూమిలో వేసికొన్న గుడిసె ఎప్పుడు కూలునో తెలియదు. భద్రాచలము పోవు మిత్రులారా, రాములవారి దర్శనమైన పిమ్మట ఒక పూట వారి గూడెములలో గడిపి, చూచినది చూచినట్లు వ్రాయుడని నా మనవి.