అద్దె తగ్గని ఊరు

షికాగో నడిబొడ్డు నుంచి మెట్రా రైల్లో దక్షిణానికి వస్తే 111వ వీధి స్టేషన్. దిగీ దిగగానే ఎర్ర ఇటుకల కార్ఖానా, దాని నెత్తిన గడియారం గోపురం కనిపిస్తాయి. 1894 నాటి సమ్మె గురించి చదివి, ఈ ఊరి మీద కోపంతో వచ్చిన నాకు ఊరు ఇంత అందంగా ఉండటం కాస్త ఇబ్బందిగానే తోచింది.

రైళ్లకు పడక పెట్టెలు తయారుచేసే జార్జ్ పుల్‌మన్ 1880లో మొదలుపెట్టి, తన పనివాళ్ల కోసం కట్టించిన ఊరిది. కాజీపేట రైల్వే క్వార్టర్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, ఇంటిని చూసి ఉద్యోగం చెప్పడం చిన్నప్పుడే అబ్బింది. హోటల్ ఫ్లోరెన్స్ దగ్గర అధికారుల ఇళ్లు దర్జాగా నిలబడి ఉంటాయి. అక్కణ్ణుంచి నడిచేకొద్దీ ఇళ్లు కురచనవుతాయి, గోడకు గోడ ఆనుకుంటాయి. అయినా షికాగో పేటల్లో చాలామంది కూలీలకు దక్కని కుళాయి నీళ్లు, గ్యాసు దీపాలు ఇక్కడివాళ్లకు ఉండేవి.

చిక్కంతా వేరేచోట ఉంది. ఇళ్లు కంపెనీవి, అంగళ్లున్న భవనం కంపెనీది, చివరికి చర్చి కూడా కంపెనీదే. ఆకుపచ్చ రాళ్లతో ముచ్చటగా కట్టిన ఆ చర్చికి అడిగిన అద్దె ఎవరూ ఇచ్చుకోలేక కొన్నేళ్లపాటు ఖాళీగా పడి ఉందట. దేవుడికైనా అద్దె మినహాయింపు లేదన్నమాట!

1893లో అమెరికాను ఆర్థిక సంక్షోభం ముంచెత్తింది. పుల్‌మన్ కూలి రేట్లు సగటున పాతిక శాతం దాకా కోశాడు. అద్దెలు మాత్రం ఒక్క సెంటు తగ్గించలేదు. వాటాదార్లకు లాభాల పంపకమూ ఆగలేదు. జెన్నీ కర్టిస్ అనే కుట్టుపని అమ్మాయి తండ్రి అదే కంపెనీలో పనిచేసి చనిపోయాడు. ఆయన పడ్డ 60 డాలర్ల అద్దె బాకీ కూతురి మెడకు చుట్టారు. రైల్వే యూనియన్ మహాసభలో ఆమె ఆ సంగతి చెప్పింది. జీతమిచ్చేవాడే ఇంటి యజమాని అయితే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1894 మే 11న కార్ఖానాలో పని ఆగింది. జూన్ 26 నుంచి యూజీన్ డెబ్స్ నాయకత్వంలోని అమెరికన్ రైల్వే యూనియన్, పుల్‌మన్ పెట్టె తగిలించిన ఏ రైలునూ ముట్టుకోవద్దని పిలుపిచ్చింది. సుమారు రెండున్నర లక్షల మంది కదిలారు. షికాగో నుంచి పడమటికి రైళ్లు స్తంభించాయి. టపా ఆగిపోతోందన్న సాకు ప్రభుత్వానికి దొరికింది. కోర్టు నిషేధాజ్ఞ, వెనకే సైన్యం. రాష్ట్ర గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ వద్దని మొత్తుకున్నా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ వినలేదు. అల్లర్లలో పదుల మంది చనిపోయారు. సమ్మె విరిగింది, డెబ్స్ ఆరు నెలలు ఉడ్‌స్టాక్ జైల్లో ఉన్నాడు.

డెబ్స్ మీద నాకు గౌరవమే. కానీ ఆ యూనియన్ నల్లవాళ్లను చేర్చుకోలేదు. వాళ్లను కూడా తీసుకుందామని డెబ్స్ వాదించినా సభ్యులు కాదన్నారు. అదే కంపెనీ పెట్టెల్లో పక్కలు పరిచి, బూట్లు తుడిచి పొట్టపోసుకున్న నల్ల పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వెంట సొంత యూనియన్ పెట్టుకున్నారు. 1937లో కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేయించుకున్నారు. రాండాల్ఫ్ పేరిట ఉన్న మ్యూజియం ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. గోపురం చూసి వెళ్లిపోయేవాళ్లు దాన్ని వదులుకోకూడదు.

పుల్‌మన్ 1897లో పోయాడు. శవాన్ని ఎవరైనా తవ్వి తీస్తారేమోనని కుటుంబం భయపడి, శవపేటిక చుట్టూ కాంక్రీటు పోయించి, పైన ఉక్కు పట్టాలు పరిపించింది. మరుసటి ఏడాదే ఇల్లినాయ్ సుప్రీం కోర్టు, రైలు పెట్టెల కంపెనీకి ఊరితో పనేమిటని, అమ్మేసుకోమంది. అలా ఇళ్లు మెల్లగా ఉండేవాళ్ల సొంతమయ్యాయి. 1960లో పరిశ్రమల కోసం ఊరు పడగొడదామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అడ్డుపడింది వాళ్లే, సంఘం కట్టి.