బండికి బట్ట

మాది నేతపని చేసిన ఇల్లు. ముత్తాత తెలంగాణము నుండి షోలాపురం వచ్చి చేతిమగ్గం పెట్టుకొన్నాడు. తాత దానిమీదనే బ్రతికినాడు. మా బాపు కాలానికి సాంచాలు వచ్చినవి. నాలుగు తరాలుగా లోకానికి చాదర్లు, తువ్వాళ్లు నేసి ఇచ్చిన ఇంటివారము. అట్టి మేము ఒక బండికి కప్పే బట్ట కొనబోయి బోల్తా పడినామంటే చదువరులకు నవ్వు వస్తుంది. నవ్వండి, తప్పు లేదు. కాని బండి గలవారు మాత్రం కడదాకా చదివి నవ్వండి.

2021లో మేము ముగ్గురన్నదమ్ములమూ కలిసి సాంచాలు ఆరింటినీ అమ్మివేసినాము. పిల్లలు ఎవరూ ఆ పని పట్టలేదు. కొన్నవాడు ఇనుముతో పాటు షెడ్డు రేకులు కూడ విప్పుకొని పోయినాడు. వచ్చిన పైకానికి మరికొంత చేర్చి, ఏడుగురు కూర్చునే ఇన్నోవా క్రిస్టా ఒకటి, చేయి మారినది, కొన్నాము. సాంచాలు ఆడిన చోటనే, పైన ఆకాశం, పక్కన వేపచెట్టు, బండి నిలిచినది. బాపు దాని చుట్టూ ఒకమారు తిరిగి వచ్చి, “సాంచాలు పోయి ఇది వచ్చింది. దీన్నన్న మంచిగ చూసుకోండ్రి,” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

మా ఊరి ఎండ సంగతి తెలియనివారు ఉండరు. మే నెలలో 42, 43 డిగ్రీలు మాకు వింత కాదు. ఆ ఎండకు తోడు నల్లరేగడి దుమ్ము. వేపచెట్టు నీడ ఇస్తుంది, నిజమే, కాని పండు తినవచ్చే పక్షులను కూడ పిలుస్తుంది. పక్షి రెట్టలో ఆమ్లం ఉన్నది. ఎండలో కాగిన రంగు మీద అది రెండు రోజులు నిలిచిందంటే మచ్చ దిగిపోతుంది. కనుక ఒక కవరు కావలెనని ముగ్గురమూ ఒప్పుకొన్నాము. ఆ రోజులలో మేము ముగ్గురమూ ఒప్పుకొన్న విషయం అదొక్కటే. సాంచాల పైకం పంపకంలో మాట పెరిగి, ఎవరి అంతస్తులో వారము ఉంటిమి. కరెంటు బిల్లు వచ్చినప్పుడు తప్ప పలకరింపులు లేవు.

కొనే పని చిన్నవానిమీద పడినది. వాడు దుకాణానికి పోయి, “నీటిచుక్క దిగనిది ఇవ్వు,” అన్నాడు. దుకాణదారు అడిగినదే ఇచ్చినాడు, 1200 రూపాయలు. దళసరి ప్లాస్టిక్కు గుడ్డ. బకెట్టెడు నీళ్లు పోసినా ఒక్క చుక్క లోపలికి పోలేదు. మేము మురిసిపోయినాము. బాపును అడగలేదు. ఆయనకు చూపు మందగించి అయిదేండ్లు అయినది, ఆయనకేమి తెలియునని.

ఆ ఏడు జూన్‌లో కప్పినాము. వానలు పడినవి. బండి ఎవరు తీయవలె, పెట్రోలు ఎవరు పోయవలె అనే పట్టింపులో కవరు ఎవరూ ఎత్తలేదు. రాఖీ పున్నమకు మా ఊళ్లో మార్కండేయస్వామి రథోత్సవం జరుగుతుంది. ఆ పండుగకు వచ్చే అక్కను స్టేషను నుండి తేవడానికి ముందురోజు కవరు లాగినాము. లోపలినుండి తడిసిన గోనె వాసన కొట్టినది. బానెట్టు మీద, పైకప్పు మీద పాలు ఒలికినట్లు తెల్లని మరకలు. తలుపు అడుగున తుప్పు మొదలు. సీట్లకు బూజు. ఇంజను పక్కన ఎలుక ఒకటి సంసారం పెట్టి రెండు తీగలు కొరికినది.

ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. తప్పు ఎవరిదో తేల్చే పంచాయితీ మొదలు కాబోతూ ఉన్నది. అంతలో బాపు కర్ర పట్టుకొని వచ్చి, ఆ కవరు అంచును వేళ్ల మధ్య నలిపి చూచినాడు. ముక్కు దగ్గర పెట్టుకొన్నాడు. “ఇది బట్ట గాదురా. పడుగు లేదు, పేక లేదు. ఇంట్ల మనిషిని వెట్టి తలుపులు మూసినట్టు చేసిండ్రు,” అన్నాడు.

సంగతి అదే. పైనుండి నీరు దిగకపోతే చాలునని మేము తలచినాము. కింద నేల ఉన్నదని మరచినాము. పగటి వేడికి తడినేల ఆవిరి వదలుతుంది. ఆ ఆవిరి పోయే దారి లేక కవరు లోపలి వైపున పట్టుకొని, రాత్రి చల్లబడి నీరై, మరల బండిమీదనే కారుతుంది. ఎండ, తడి రెండూ రంగు మీదనే మగ్గుతవి. నూలుబట్ట అయితే గాలి ఆడును గాని నీరు త్రాగి బరువెక్కి ఆరదు. అది కప్పు కింద నిలిచే బండికే తగును.

రెండవసారి బాపును వెంట బెట్టుకొని పోయినాము. దుకాణంలో “190టీ”, “300డీ” అని అంకెలు చెప్పుతారు. వానికి జడవనక్కర లేదు. టీ అనేది చదరపు అంగుళంలో పడుగు పోగులు, పేక పోగులు కలిపిన లెక్క. నేత ఎంత దట్టమో చెప్పును. డీ అనేది డెనియరు. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నూలుకు నంబరు పెరిగిన కొద్దీ పోగు సన్నబడితే, డెనియరు పెరిగిన కొద్దీ లావవుతుంది. ఇంతకూ ఆ గుడ్డకు పూసిన పూత ఏదో, గాలి ఆడునో ఆడదో ఈ అంకెలు చెప్పవు.

దానికి బాపు చేసిన పరీక్ష ఇది. కవరుతో వచ్చే సంచి తరచు అదే గుడ్డతో కుట్టినదై ఉంటుంది. దుకాణదారుతో మంచిగా మాట్లాడి, ఆ సంచిని పొగలు గ్రక్కే చాయ గ్లాసు మీద బిగించి, దానిపైన చల్లని గాజుగ్లాసు బోర్లించమన్నాడు. కాసేపటికి పైగ్లాసు మసకబారితే ఆవిరి బయటికి పోవుచున్నట్టు. తరువాత ఆ గుడ్డమీదనే నీళ్లు పోసి వెనుక చేయి పెట్టి చూడవలెను. నాలుగు రకాలలో రెండు ఆవిరినే వదలలేదు. ఒకటి నీటిని కూడ వదలినది. నాలుగవది మూడు పొరలది. పైన ఎండను తిప్పికొట్టే వెండి వన్నె, లోపల మెత్తని పొర. అదే తీసుకొన్నాము. ఎడతెగని వానకు కొంచెం చెమ్మ దిగుతుంది, ఒప్పుకోవలసినదే. కాని ఎండ రాగానే ఆరిపోతుంది. సముద్రతీరాన, చెన్నపట్నం వంటి చోట ఉండేవారికి ఉప్పుగాలి కూడ ఉన్నది గనుక, గాలి ఆడే గుడ్డ మరింత అవసరము.

కొలత విషయంలో కూడ “పెద్ద బండికి” అని అడిగితే చాలదు. మా బండి పొడవు 4735 మిల్లీమీటర్లు, వెడల్పు 1830, ఎత్తు 1795. వదులైన కవరు గాలికి కొట్టుకొని, లోపలి దుమ్ముతో బండిని గరుకు కాగితంలా రుద్దుతుంది. అద్దాలకు జేబులు, అంచుకు సాగే పట్టీ, పొట్ట కింద బిగించే బెల్టు ఉండవలెను. కప్పేముందు దుమ్ము కడిగి ఆరనివ్వవలెను, ఇంజను చల్లారనివ్వవలెను. వారానికి ఒకమారైనా ఎత్తి చూడవలెను. లేకుంటే ఎలుకకు మనము ఇల్లు కట్టించినట్టే. వెండిపొడి చేతికి అంటుకోసాగినదంటే ఆ కవరు కాలం తీరినదని ఎరుగవలెను.

పాలిషు పట్టించగా మరకలు చాలవరకు పోయినవి. పైకప్పు మీద అరచేయంత మచ్చ ఒకటి మిగిలినది. అది ఎవరి తప్పో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు ఎవరూ అడగడము లేదు.

ఇంత పెద్ద కవరు ఒక్కనివల్ల కప్పబడదు. అటొకరు, ఇటొకరు పట్టవలె, మధ్యను ఒకరు ఎత్తవలె. చీకటి పడేవేళకు బాపు మెట్లమీద కూర్చుండి మూడు అంతస్తులకూ వినబడేటట్టు కేక వేస్తాడు. ముగ్గురమూ దిగివస్తాము. చూపు ఆనకపోయినా గుడ్డ చప్పుడును బట్టి ఆయనకు తెలిసిపోతుంది.

“ఆ మూల వదులుంది. గట్టిగ వట్టుండ్రి,” అంటాడు.

పట్టుకొంటాము.