జరగని సీజన్ గురించి గోలీకి

ఇడుపులపాయ,
శ్రావణ శనివారం

రేయ్ గోలీ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదిలిపెట్టడం లేదు. "జట్టు కుదిరింది, జెర్సీలు కూడా వచ్చినాయి, అంతలో ఆర్డర్లు వచ్చి సగం మంది పైకి పోయినారు. మా సీజన్ పోయింది బ్బా" అన్నావు. మళ్లీ నువ్వే, బార్డర్‌లో అట్లుంటే నేను ఫుట్‌బాల్ గురించి ఏడుస్తాండానని సిగ్గుపడినావు. సిగ్గెందుకురా? మీ మాదిరి సీజన్ పోగొట్టుకున్నోళ్లు ఎంతమంది ఉండారో చూద్దామని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా. దొరికింది చెప్తా.

డ్యూరాండ్ కప్పు మీ ఆర్మీ సొత్తే కదా. 1888లో సిమ్లాలో మొదలైంది. పేరు మార్టిమర్ డ్యూరాండ్‌ది. అఫ్గానిస్తాన్ సరిహద్దు గీతకు పేరిచ్చిన దొర కూడా ఆయనే. మొదట్లో అది పటాలాలు తమలో తాము ఆడుకునే ఆట. గెలిచినోళ్ల జాబితా పైనుంచి కిందికి చదువుకుంటా పో. 1914 దగ్గర ఆగిపోతుంది, 1920 దాకా ఏమీ లేదు. 1940లో ఢిల్లీలో మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. ఆ తర్వాత మళ్లీ 1949 దాకా ఖాళీ. 1962 ఎదురుగా కూడా 'జరగలేదు' అనే ఒక్క మాటే. ఆ మాట వెనక ఎన్ని జట్లు ప్రాక్టీసు చేసి, గోల్ కీపర్ ఎవరని కొట్లాడుకుని, చివరికి రైలెక్కి వేరే పనికి పోయినాయో ఏ పుస్తకమూ రాయలేదు.

ఇంగ్లండు కథ ఇంకో రకం. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించేసరికి అక్కడి లీగ్ మొదలై వారం పది రోజులు కూడా కాలేదు. వెంటనే ఆపేసినారు. పేరు మోసిన ఆటగాళ్లు పటాలంలో వ్యాయామ శిక్షకులుగా చేరినారు. ఆల్డర్‌షాట్ అని అక్కడొక పటాలాల ఊరు ఉంది. దాని జట్టు మూడో డివిజన్‌ది, ఎవరూ పట్టించుకోనిది. క్లిఫ్ బ్రిటన్, స్టాన్ కల్లిస్, జో మెర్సర్ ముగ్గురికీ డ్యూటీ ఆ ఊళ్లోనే పడింది. ముగ్గురూ కలిస్తే ఇంగ్లండు జాతీయ జట్టు హాఫ్‌బ్యాక్ వరుస! వేరే క్లబ్బు వాళ్లను అతిథులుగా ఆడించుకోవచ్చని యుద్ధకాలంలో ఒప్పుకున్నారు కాబట్టి, ఆ చిన్న ఊరోళ్లు శనివారం మధ్యాహ్నం కూర్చుని వాళ్ల ఆట చూసినారు. కాకపోతే వచ్చే వారం ఎవరుంటారో ఎవరికీ తెలియదు. అక్కడ జట్టు ఎంపిక చేసేది సెలవు చీటీ మీద సంతకం పెట్టే ఆఫీసరే. నీకు కొత్తగా చెప్పాలా!

ఆర్సెనల్‌లో వింగర్‌గా ఆడే డెనిస్ కాంప్టన్‌ను ఆర్మీ మన దేశానికే పంపింది, ఇండోర్ దగ్గర మౌకు. ఆయన అక్కడ ఊరికే ఉండలేదు. హోల్కర్ జట్టు తరఫున 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి మీద 249 కొట్టి నాటౌట్‌గా నిలిచినాడు. అయినా హోల్కర్ ఓడిపోయింది.

ఇప్పుడు మన హైదరాబాదోళ్ల సంగతి. నాకు బాగా నచ్చింది ఇదే. 1943లో బెంగళూరులో ఆషే గోల్డ్ కప్ ఫైనల్. ఒక పక్క హైదరాబాద్ సిటీ పోలీస్. ఇంకో పక్క రాయల్ ఎయిర్ ఫోర్స్. పోలీసులే గెలిచినారు. యుద్ధం లేకుంటే ఆ దొరలు మన వైపు మైదానాలకు అంతమంది వచ్చేవాళ్లా? హైదరాబాద్ గొప్పతనం చెప్పేటప్పుడు అందరూ 1950 నుంచి 1954 దాకా వరసగా గెలిచిన ఐదు రోవర్స్ కప్పులతో మొదలుపెడతారు. నన్నడిగితే అది బెంగళూరులో ఆ రోజే మొదలైంది. యుద్ధం ముగిసినాక ఎయిర్ ఫోర్స్ వాళ్లు ఓడలెక్కి పోయినారు, మనోళ్లు మిగిలినారు. 1950లో డ్యూరాండ్ మళ్లీ పెట్టినప్పుడు ఆ ఖాళీ గీతల కింద పడిన మొదటి పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. అట్లని యుద్ధం మేలు చేసిందని అనను. ఆ 1943లోనే బెంగాల్లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయినారు.

పీటర్ తంగరాజ్ గురించి నీకు ఎవరన్నా చెప్పినారో లేదో. 1935లో హైదరాబాద్‌లో పుట్టినాడు, 1953లో ఆర్మీలో చేరినాడు. నీ మాదిరే ముందు ఫార్వర్డ్. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో గోల్ కీపర్‌గా మార్చినారు. నిన్ను మార్చినప్పుడు నువ్వు అలిగి అన్నం మానేసినావే, ఆయన అట్లా అలిగింటే ఏమయ్యేదో చూడు: నీలగిరుల్లోని వెల్లింగ్టన్ నుంచి దిగొచ్చిన ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ గెలిచింది. 1958లో ఆసియాలోనే మేటి గోల్ కీపర్ అన్నారు ఆయన్ని.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయనకు ఫ్లూ. సెమీఫైనల్లో ప్రద్యుత్ బర్మన్ నిలబడినాడు. ఫైనల్ నాటికి కోచ్ రహీం సాబ్ ఏమనుకున్నాడో, గెలిపించిన కుర్రోణ్ని పక్కనపెట్టి తంగరాజ్‌నే దించినాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియా మీద 2-1. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన బలరాం కూడా ఆ జట్టులోనోడే. బంగారు పతకాలతో తిరిగొచ్చినారు. అక్టోబరు 20న చైనా దాడి. ఆసియాను గెలిచిన ఏడాదే ఢిల్లీలో డ్యూరాండ్ లేదు. కాబట్టి నీ సీజన్ ఒక్కటే పోలేదురా. దాని వరసలో పెద్దపెద్దోళ్లవి ఉండాయి.

ఇక్కడ సంగతులు. చీనీ తోటకు నీళ్లు ఫరవాలేదు, రేటే నిలకడగా లేదు. మీ అమ్మ పొద్దున్నే గండి అంజన్న దగ్గరికి పోయొచ్చింది, ప్రసాదం మా ఇంటికీ పంపింది. నీ మొక్కు ఒకటి బాకీ ఉందంట, సెలవుకు వచ్చినప్పుడు తీర్చాలంట. ట్రిపుల్ ఐటీ పిల్లోళ్లు సాయంత్రం ఆడతాంటే చూడను పోతాంటా. అన్ని జిల్లాల పిల్లోళ్లు ఉండారు కదా, ఒకడు కాకినాడ యాసలో బంతి అడుగుతాడు, ఇంకోడు మన యాసలో తిడతాడు. గోల్ కీపర్ మాత్రం నీ కంటే పొట్టి, నీ కంటే ధైర్యం.

ఒక పని చేసిపెట్టు. ఈ ఏడు ఆడాల్సిన మీ పదకొండు మంది పేర్లు, ఎవరు ఏ స్థానంలో దిగాల్సిందీ, బెంచీ మీద ఎవరు ఉండాల్సిందీ, అంతా ఒక కాగితం మీద రాసి పంపు. యూనిట్ నంబరూ ఊరూ వద్దులే, అవి రాస్తే మీ ఆఫీసరు నిన్ను తంతాడు. పేర్లు చాలు.

ఇట్లు
నీ పాత సెంటర్ ఫార్వర్డ్